సరే అన్నారు, ఒప్పుకోలేదు

దేవరకొండ నుంచి రాసిన తమ్ముడి ప్రశ్న పొడుగ్గా ఉంది. క్లుప్తంగా ఇదీ సంగతి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టీమ్‌లో సగం మంది నెదర్లాండ్స్‌లో. ఈసారి రివ్యూలో డచ్చి మేనేజరు "అన్నిటికీ ఎస్ అంటావు, తర్వాత పని కాదు. నీ మాట నమ్మి ముందుకు పోలేకపోతున్నాను" అని రాశాడు. అదే టీమ్ నుంచి ఇద్దరు వచ్చే నెల చెల్లె పెళ్ళికి ఊరికొస్తామంటున్నారు. ఇంట్లో నాయన మాత్రం "వాళ్ళకు ప్రేమలెక్కడియిరా, కన్నతల్లిని తీస్కపోయి ఆశ్రమంల పడేస్తరు" అంటున్నాడు. తప్పు ఎవరిది, మనం మారాలా, పెళ్ళిలో వాళ్ళను ఎట్లా చూసుకోవాలి అని అడిగావు.

నేను ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇరవై ఏళ్ళకు పైగా నీళ్ళ పథకాల మీద తిరిగినవాణ్ణి. విదేశీ సాయంతో నడిచేవి చాలా ఉండేవి. నా అసలు పని రైతుల సంఘాలు కట్టించడం. ఇంగ్లీషు కొద్దిగా వచ్చని దుబాసీ పని కూడా నెత్తిన పెట్టారు. డచ్చివాళ్ళు, జర్మన్లు, ఇంగ్లీషువాళ్ళు, అందరి మాటలూ ఈ నోటి గుండానే పోయాయి. ఇప్పుడు నా బిడ్డ నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో పనిచేస్తుంది. రెండుసార్లు పోయి మూడేసి నెలలు ఉండొచ్చాను. కాబట్టి నీ మేనేజరు బాధా తెలుసు, నీ బాధా తెలుసు.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. మర్రిగూడ దిక్కు ఒక ఊరు. ఐదుగురు చిన్న రైతులకు కలిపి ఒక బోరు వెయ్యాలి, నీళ్ళు వంతుల వారీగా పంచుకోవాలి, తలా కొంత వాటా డబ్బు కట్టాలి. వేపచెట్టు కింద మీటింగ్. డచ్చి ఇంజనీరు ఒక్కొక్కరి మొహం చూసి అడిగాడు: ఈ పద్ధతి మీకు సమ్మతమేనా? ఐదుగురూ "సరే సార్" అన్నారు. నేను దాన్ని "ఎస్" అని చెప్పాను. ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. మూడు వారాలైనా ఒక్కడు రూపాయి కట్టలేదు. ఆయనకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. "వద్దంటే అప్పుడే వద్దనొచ్చు కదా, నేనేమన్నా అనేవాణ్ణా?" అన్నాడు.

ఆ సాయంత్రం కల్లు మండువ దగ్గర నాకు అసలు ముచ్చట తెలిసింది. బోరు పాయింటు పడ్డది ఊరి పెద్దమనిషి తమ్ముడి చెలకలో. రేపు ఆయన మోటరు స్విచ్చి తన చేతిలో పెట్టుకుంటే అడిగేవాడెవడు? ఇది ఐదుగురికీ తెలుసు. ఆ పెద్దమనిషి మీటింగ్‌లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. వీళ్ళు కింద కూర్చున్నారు. "గాయిన ముంగట ఎట్లంటం సారూ?" అన్నాడు అందులో ఒక ముసలాయన. "సరే అంటె ఇన్నమని. ఒప్పుకున్నమని ఎవలు జెప్పిండ్రు?"

అంటే ఆ రోజు అబద్ధం చెప్పింది వాళ్ళు కాదు, నేను. "సరే సార్" అంటే వినబడింది అని. "అట్లనే సార్" అంటే మీరు పోయేదాకా అట్లనే అని. "చూద్దాం" అంటే కాదు అని. "మీరెట్లంటే అట్ల" అంటే కాదు, పైగా కోపంగా ఉంది అని. "ఇంట్ల అడిగి చెప్త" అన్నాడంటే ఆశ ఉంది, నిజంగానే అడుగుతాడు. వీటన్నిటినీ నేను ఒక్క ఎస్ కింద కుక్కి ఇచ్చాను. నువ్వు కూడా ఆఫీసులో అదే చేస్తున్నావు. "ఐ విల్ ట్రై" అని నువ్వు అన్నప్పుడు లోపల నీది "చూద్దాం". వాళ్ళకు వినబడేది "అవుతుంది".

ఇక్కడ చాలామంది ఆగిపోయి, "అది మన సంస్కృతి, ఎదుటివాణ్ణి నొప్పించం, మనది మెత్తని మనసు" అంటారు. నాకు ఈ మాట నచ్చదు. మనకు కాదనడం రాదా? దేవరకొండ అంగట్లో మేకను బేరం చేసేవాణ్ణి చూడు. పాలమూరు లేబర్ తమలో తాము మాట్లాడుకునేది విను. నాగార్జునసాగర్ లాంటి పెద్ద పెద్ద కట్టల మీద రాళ్ళు మోసిన జనం వాళ్ళు. పక్కవాడు తట్ట సరిగ్గా ఎత్తకపోతే డచ్చివాడి కన్నా నిక్కచ్చిగా మొహం మీదే చెప్తారు. మీ అమ్మమ్మ మీ నాయనకు కాదని చెప్పాలనుకుంటే ఎంతసేపు పడుతుంది? కాబట్టి నోరు లేక కాదు. ఆ నోరు ఎవరి ముందు లేస్తుంది, ఎవరి ముందు లేవదు అన్నదే లెక్క.

పై వాడి ముందు లేవకపోవడానికి మన దిక్కు చరిత్రే కారణం. నిజాం కాలంలో ఈ నల్లగొండ పల్లెల్లో "బాంచెన్ దొరా, కాల్మొక్త" అనేది పలకరింపు. వెట్టికి పిలిస్తే కాదన్నవాడికి ఏమైందో మన తాతలకు తెలుసు. 1946 జులై 4న, అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న కడవెండిలో, దొరను ఎదిరించిన దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకి గుండుకు పడిపోయింది ఈ కాదు అన్న మాట దగ్గరే. ఒక్క మాటకు అంత ఖరీదు ఉన్న చోట మనుషులు "సరే" అని బతకడం నేర్చుకుంటారు, తర్వాత చెయ్యకుండా ఊరుకోవడం కూడా నేర్చుకుంటారు. చెయ్యకపోవడమే వాళ్ళ కాదు. దొర పోయాడు, ఆ జాగాలో ఆఫీసరు వచ్చాడు, కాంట్రాక్టరు వచ్చాడు, ఇప్పుడు నీకు మేనేజరు వచ్చాడు. నాలుకకు మాత్రం పాత లెక్కే గుర్తుంది.

మరి డచ్చివాడి నోటికి అంత ధైర్యం ఎక్కడిది? వాళ్ళే ఒక కథ చెప్తారు. వాళ్ళ దేశంలో చాలా భూమి సముద్ర మట్టం కన్నా కింద ఉంది. గట్లు కాపాడుకోవడానికి 13వ శతాబ్దం నుంచే నీటి సంఘాలు పెట్టుకున్నారు. గట్టు తెగితే ధనికుడూ మునుగుతాడు, పేదా మునుగుతాడు, అందుకని అందరూ దాపరికం లేకుండా మాట్లాడటం అలవాటైంది అని. యుట్రెక్ట్‌లో ఒక పెద్దాయన నాకు కాలువ గట్టు మీద నిలబడి ఎంతో గర్వంగా చెప్పాడు. వినడానికి బాగుంది. కానీ మనకూ చెరువులున్నాయి కదా? కాకతీయుల నాటివి. తూముకు నీరటికాడు ఉన్నాడు, వంతులున్నాయి, చెరువు తెగితే ఊరంతా పోతుంది. మరి మనకెందుకు ఆ అలవాటు రాలేదు? నా జవాబు ఒకటే: మన కట్ట మీద నిలబడ్డ అందరికీ ఒకే నోరు లేదు. నీళ్ళు ఉమ్మడివి, మాట ఉమ్మడిది కాదు.

వాళ్ళ గురించి కూడా మురిసిపోయే పని లేదు. ఇంట్లో అంత సూటిగా మాట్లాడిన జాతి, దక్షిణ అమెరికాలో తాము ఏలిన సురినాంలో చెరుకు తోటల మీద బానిసల నోరు ఎట్లా మూసిందో చూడు. 1863 జులై 1న చట్టం ప్రకారం బానిసత్వం పోయింది. పోయినా ఇంకో పదేళ్ళు ఆ తోటల్లోనే పనిచెయ్యాలని కట్టడి పెట్టారు. ఆ పదేళ్ళు అయిపోయే సరికి, 1873లో, మన దేశం నుంచి కూలీలను ఓడలెక్కించారు, ఎక్కువ మంది బీహార్, యూపీ దిక్కు వాళ్ళు. డచ్చి రాజు నోరు తెరిచి క్షమాపణ చెప్పింది 2023 జులై 1న. ఇంకా వెనక్కి పోతే, 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో, ఖమ్మం దగ్గరి నాగులవంచలో డచ్చి ఈస్టిండియా కంపెనీ వ్యాపార కోఠీలు ఉండేవి, మన నేతగాళ్ళ బట్ట కొనడానికి. అంటే ఈ సంబంధం మీ టీమ్ కాల్‌తో మొదలైంది కాదు. సూటిగా మాట్లాడటం వాళ్ళ రక్తంలో ఏమీ లేదు. తమతో సమానం అనుకున్న వాళ్ళ మధ్య మాట్లాడతారు, అంతే. మన కూలీలు కూడా అంతే కదా.

ఇవాళ మాత్రం వాళ్ళకు కాదనడం చవక. ఎందుకో చూడు. అక్కడ పర్మనెంట్ ఉద్యోగిని తీసెయ్యాలంటే సాధారణంగా కోర్టన్నా, ప్రభుత్వ సంస్థన్నా ఒప్పుకోవాలి. జబ్బు చేస్తే రెండేళ్ళ దాకా జీతంలో కనీసం 70 శాతం యజమాని ఇవ్వాలి. ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి ఉంది. నీ సహోద్యోగి మేనేజరుతో "ఇది కుదరదు, నీ ప్లాన్ తప్పు" అన్నా ఆ నెల ఇంటి అద్దె ఆగదు. నీకు? ఎడ్యుకేషన్ లోను, చెల్లె పెళ్ళి అప్పు, అప్రైజల్, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోబెడతారన్న భయం. నువ్వు కాదనాలంటే ఇవన్నీ పణంగా పెట్టాలి. ఇద్దరి స్వభావాలను పోల్చే ముందు ఇద్దరి లెక్కలు పోల్చు.

గీర్ట్ హాఫ్‌స్టెడ్ అని ఒక డచ్చి పరిశోధకుడు ఉండేవాడు, 2020లో పోయాడు. ఐబీఎం ఉద్యోగులను దేశదేశాల్లో అడిగి అంకెలు వేశాడు. పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని జనం ఎంత మామూలుగా తీసుకుంటారు అనే దానికి ఇండియాకు 77, నెదర్లాండ్స్‌కు 38 వచ్చాయి. ట్రైనింగ్ క్లాసుల్లో ఈ అంకెలు తెగ చూపిస్తారు, నీకూ చూపించే ఉంటారు. నేను రెండు మాటలు అంటా. ఒకటి, ఒక కంపెనీ ఆఫీసుల్లో అడిగిన ప్రశ్నలవి. చందంపేట రైతు అందులో లేడు. రెండోది, అదే పట్టికలో పక్కనే ఉన్న బెల్జియానికి 65. బెల్జియంలో సగానికి పైగా జనం మాట్లాడేది డచ్చి భాషే. ఒకే భాష, మధ్యలో కంచె కూడా లేని సరిహద్దు, అయినా ఈ విషయంలో బెల్జియం నెదర్లాండ్స్ కన్నా మనకే దగ్గర. "పాశ్చాత్యులు" అని ఒక మూట కడితే ఇట్లాంటివన్నీ ఆ మూటలో నలిగిపోతాయి.

మన మూటా అంతే. నల్లమలలో అమ్రాబాద్ దిక్కు చెంచులున్నారు. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో వచ్చి వాళ్ళ గూడేల్లో ఉండి రాశాడు. ఒక గుంపుతో పొసగకపోతే చెంచు కుటుంబం తన సామాను నెత్తిన పెట్టుకొని ఇంకో గుంపులోకి పోయేది, ఆపేవాడు లేడు. దొర లేడు, పటేల్ లేడు. మైదానంలో ఉన్న మనకన్నా కాదనే స్వేచ్ఛ ఆ అడవిలో ఎక్కువ ఉండేది. మరి వాళ్ళు తూర్పా, పడమరా? మీ దేవరకొండ తండాల్లో మీటింగ్ అయితే నాకే ఇంకో దుబాసీ కావాల్సి వచ్చేది. ఇంజనీరు ఇంగ్లీషులో అడిగితే నేను తెలుగులో చెప్పేది, ఒక లంబాడా పిల్లగాడు వాళ్ళ భాషలో ఆడోళ్ళకు చెప్పేది. జవాబు అదే దారిన వెనక్కి రావాలి. అది ఆయన చెవిన పడేసరికి ఎంత మిగిలేదో నువ్వే ఊహించుకో.

నీ ప్రశ్నలో లేనిదే అయినా, ఫ్లోరైడ్ సంగతి చెప్పకుండా ఉండలేను. నీళ్ళ మనిషిని కదా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లున్న నీళ్ళే తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగాం. పడమటి దేశాల కథ తిరగబడి ఉంటుంది. పళ్ళు పుచ్చకుండా ఉండటానికి ఫ్లోరైడ్‌ను కావాలని నీళ్ళలో కలిపారు. అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ పట్నంలో 1945లో మొదలుపెట్టారు. నెదర్లాండ్స్‌లో టీల్ అనే ఊళ్ళో 1953లో మొదలైంది. అక్కడ జనం ఎదురు తిరిగారు, "నా నీళ్ళలో మందు కలపడానికి నువ్వెవరు" అన్నారు. 1973లో వాళ్ళ సుప్రీంకోర్టు, అట్లా కలపడానికి చట్టంలో ఆధారం లేదని తేల్చింది. ఆ తర్వాత ఆపేశారు. లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము కలిపేదాని కోసం దేశమంతా కొట్లాడింది! ఈ కథ నాకు చెప్పిన ఇంజనీరు మన ఊళ్ళో ఒక ఇంటి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఎదురుగా నడుము లేవని ఒక నలభై ఏళ్ళ మనిషి. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడు.

నాగపూర్‌లో పర్యావరణ పరిశోధన చేసే నీరి సంస్థ వాళ్ళు పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసి దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. అది టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. సంబంధాలంటే ఎప్పుడూ పడమర నుంచి మనకు వచ్చేవే అనుకుంటాం. ఇది ఇక్కడి నుంచి ఆఫ్రికాకు పోయింది, మధ్యలో లండనూ లేదు, న్యూయార్కూ లేదు.

ఇక మీ నాయన మాట. కన్నతల్లిని ఆశ్రమంలో పెడతారన్నాడు. పెడతారు, కొందరు. కానీ ఆ తల్లి కొడుకు చెయ్యి చూసి బతకదు. 1957 నుంచి అక్కడ ముసలివాళ్ళందరికీ ప్రభుత్వ పింఛను ఉంది, దాంతో ఒక మనిషి బతకొచ్చు. మన ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలు చేశారు. దాంతో మీ నాయనమ్మ బీపీ గోలీలు కొనుక్కొని, మనవడికి బిస్కెట్ పుడ కొనిస్తే ఏం మిగులుతుంది? మన దగ్గర కొడుకే పింఛను, కొడుకే దవాఖాన కార్డు. అందుకే కొడుకు వేరు పడితే గుండె పగులుతుంది. ఆ బాధలో ప్రేమ ఉంది, భయం కూడా ఉంది. యుట్రెక్ట్‌లో మా బిడ్డ ఉన్న బిల్డింగ్‌లో కింది ఇంట్లో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె కొడుకు ప్రతి ఆదివారం గంట కొట్టినట్టు వచ్చేవాడు, ముందే ఫోన్ చేసి. నాకు మొదట నవ్వొచ్చింది, తల్లి ఇంటికి అపాయింట్‌మెంటా అని. ఒకరోజు ఆమెతో అన్నాను కూడా. "నా దగ్గరికి రావాల్సిన అవసరం వాడికి లేదు. అయినా వస్తాడు" అంది. నేను మారు మాట్లాడలేదు.

ఇంకో తేడా డబ్బు దగ్గర కనబడుతుంది, నాకు చాలా ఇష్టమైన తేడా ఇది. వాళ్ళ దగ్గర టిక్కీ అని ఫోన్ యాప్ ఉంది, 2016లో వచ్చింది. నలుగురు కలిసి తింటే అదే రాత్రి ఎవరి వాటా వాళ్ళకు లింకు పోతుంది, మూడు యూరోలైనా సరే. మనవాళ్ళు దాన్ని పిసినారితనం అంటారు. వాళ్ళకది మర్యాద: నీ మీద నా బాకీ లేదు, రేపు మనం మళ్ళీ సమానంగా కలుసుకోవచ్చు అని. మన పెళ్ళిళ్ళలో బల్ల వేసుకొని కట్నాలు రాసే నోటు పుస్తకం ఉంటుంది కదా. ఎవరు 516 చదివించారు, ఎవరు బిందె పెట్టారు, ఇరవై ఏళ్ళ నాటి పుస్తకం తీసి చూసుకొని తిరిగి పెడతాం, కొంచెం కలిపి. సమానంగా ఎప్పుడూ పెట్టం, సమానంగా పెడితే లెక్క తెగిపోయినట్టు. లెక్క తెగకుండా ఉండటమే చుట్టరికం. వాళ్ళు రాత్రికి రాత్రి తీర్చేసుకునే బాకీని మనం మనవళ్ళ దాకా లాగుతాం. ఇద్దరూ లెక్క రాసేవాళ్ళే, పుస్తకం ఎప్పుడు మూస్తారన్నదే తేడా.

సరే, నీ ఆఫీసు పని. మొత్తం మనిషివే మారాల్సిన పని లేదు. మూడు అలవాట్లు చాలు. "ట్రై చేస్తా" అన్న మాట పూర్తిగా మానెయ్. దాని జాగాలో తారీకు పెట్టు: "బుధవారానికి కాదు, శుక్రవారం సాయంత్రానికి అవుతుంది." ఇది కాదు అన్నట్టే, కానీ మొహం మీద కొట్టినట్టు ఉండదు. అందరి ముందు కాదనడానికి నోరు రాకపోతే మీటింగ్ అయిన పది నిమిషాల్లో రాసి పంపు. వాళ్ళకు ఆలస్యం కన్నా చివరి రోజు తెలియడం ఎక్కువ కోపం తెప్పిస్తుంది. వాళ్ళు "నీ కోడ్ బాగోలేదు" అంటే నీ వంశాన్ని అన్నట్టు తీసుకోకు. ఆ తర్వాత అదే మనిషి కాఫీ తెచ్చిస్తాడు, ఆ రెంటికీ వాడి మనసులో సంబంధం లేదు.

కానీ సగం భారం మేనేజరుది కూడా. అతనికి చెప్పు. "చెయ్యగలవా?" అని అడిగితే మా దగ్గర చెయ్యగలను అనే జవాబే వస్తుంది. "దీనికి ఏం అడ్డం రావొచ్చు?" అని అడుగు, నిజం వస్తుంది అని. ఇది నేను ఆ వేపచెట్టు మీటింగ్ తర్వాత నేర్చుకున్నదే. మళ్ళీ ఆ ఊరికి పోయినప్పుడు "అందరికీ ఇష్టమేనా" అని అడగలేదు. ఒక్కొక్కరి ఇంటికి పోయి, చాయ తాగి, "ఇట్ల జేస్తె ఎవలకు తక్లీఫ్ అయితది?" అన్నాను. అరగంటలో మొత్తం బయటపడింది. బోరు పాయింటు పక్క చెలకలోకి జరిగింది. నాలుగు రోజుల్లో వాటాలు కట్టారు.

ఇక పెళ్ళి. ఇది రాయడమే నాకు సంబరం.

నెదర్లాండ్స్‌లో పెళ్ళికి పిలుపులో పగటి అతిథులు వేరు, రాత్రి అతిథులు వేరు అని రాసి ఉంటుంది. ఎన్ని గంటలకు రావాలో, భోజనం ఉందో లేదో కూడా తెలుస్తుంది. కాబట్టి "సకుటుంబ సపరివార సమేతంగా" అన్న మన కార్డు వాళ్ళకు అర్థం కాదు. ఎన్ని గంటలకు రావాలి అని అడుగుతారు. నవ్వకు. సరిగ్గా చెప్పు. మనకు టైమ్ అంటే లెక్క లేదని వాళ్ళు ఎవరైనా అంటే ముహూర్తం చూపించు: పది గంటల నలభై రెండు నిమిషాలు. భోజనం మూడింటికైనా, బ్యాండు మేళం వాళ్ళు గంట ఆలస్యంగా వచ్చినా, జీలకర్రా బెల్లం మాత్రం ఆ నిమిషానికి తల మీద పడాల్సిందే. అంత నిక్కచ్చి గడియారం వాళ్ళ పెళ్ళిలో కూడా ఉండదు.

తినేటప్పుడు పైలం. మన "వద్దు" మొదటిసారి మర్యాద, రెండోసారి మొహమాటం, మూడోసారే నిజం. వాళ్ళ వద్దు మొదటిసారే నిజం. మీ మేనత్తలు మటన్ గిన్నె పట్టుకొని తిరిగేటప్పుడు ఇది గుర్తుండదు. ముందు రోజే వాళ్ళకు నేర్పు: వద్దంటే ఇస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాలి, వెనక్కి ఒరగాలి, అప్పుడు కూడా ఒక ముక్క పడుతుంది, ఏమనుకోవద్దు. ఒక డచ్చి అమ్మాయి కొండమల్లేపల్లి దగ్గర ఒక దావత్‌లో పెట్టిందల్లా తిని రాత్రంతా అవస్థ పడింది. "ఎందుకు తిన్నావమ్మా" అంటే, "వదిలేస్తే అవమానం అనుకున్నాను" అంది. చూశావా, ఆమె మన దగ్గర మన రోగమే అంటించుకుంది.

జీతమెంత, పెళ్ళి ఎందుకు కాలేదు, పిల్లలెందరు అని అడుగుతారు మనవాళ్ళు. ముందే చెప్పి ఉంచు: మాకు ఇది దగ్గర చేసుకోవడం అని. వాళ్ళకు ఇష్టం లేకపోతే "మా ఊళ్ళో ఇది చెప్పం" అని నవ్వి తప్పించుకోవచ్చని కూడా చెప్పు. బహుమతి తెస్తే మన అలవాటు ప్రకారం లోపల పెట్టేస్తాం. వాళ్ళ దగ్గర ఇచ్చినవాళ్ళ ముందే విప్పి చూడాలి, లేకపోతే చిన్నబోతారు. మీ చెల్లెను ఆ ఒక్క పొట్లం అక్కడే విప్పమను.

దిష్టి తీయడం, నిమ్మకాయలు, పోచమ్మకు మొక్కు, ఇవన్నీ చూసి "నువ్వు ఇది నమ్ముతావా?" అని అడుగుతారు. చాలామంది చదువుకున్న పిల్లలు ఇక్కడే సిగ్గుపడి "అబ్బే, ఊరికే" అంటారు. పాల్ హీబర్ట్ అని ఒకాయన ఉండేవాడు. 1932లో శంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టాడు, పెద్దయ్యాక పాలమూరు జిల్లా కొండూరు అనే ఊరి మీద పరిశోధన చేశాడు. తన వాళ్ళ గురించే ఒక మాట తేల్చాడు. పడమటి చదువులో రెండే అంతస్తులు ఉన్నాయి. పైన దేవుడు, స్వర్గం. కింద సైన్సు, మందులు. మధ్య అంతస్తు ఖాళీ. దిష్టి, శకునం, గాలి సోకడం, ఊరి దేవత, ఈ పొద్దు నా బిడ్డకు జ్వరం ఎందుకొచ్చింది అన్న ప్రశ్న, అన్నీ ఉండేది ఆ మధ్య అంతస్తులో. ఊళ్ళో జనం మతం మారినా సరే, ఆ ప్రశ్న వచ్చినప్పుడు మిషనరీ దగ్గర జవాబు లేక మళ్ళీ మంత్రగాడి దగ్గరికి పోవడం ఆయన చూశాడు. కాబట్టి నమ్ముతావా అంటే, అవునూ కాదూ అనే జవాబు ఇవ్వకు. ఇది ఏ భయానికి పుట్టిందో చెప్పు. చెల్లె కొత్త ఇంటికి పోతుంది, అందరి కళ్ళూ ఆమె మీదనే, మాకు భయం, అందుకని నిమ్మకాయ. వాళ్ళకు అర్థమవుతుంది. భయం అక్కడా ఉంది.

ఒక్కటి మాత్రం దాచకు. బంతిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరికి ముందు పెట్టారో, డప్పు కొట్టినవాళ్ళు ఎక్కడ తిన్నారో వాళ్ళ కళ్ళకు మనకన్నా ముందు కనబడుతుంది. అలవాటు పడ్డ కళ్ళు కాదు కదా. నేను దుబాసీగా ఉన్నప్పుడు ఒక ఊరి హోటల్‌లో గాజు గ్లాసులు ఒక దిక్కు, స్టీలు గ్లాసులు ఒక దిక్కు ఎందుకున్నాయని ఒక జర్మన్ ఆయన అడిగాడు. నేను "కడగడానికి సులువుగా" అన్నాను. అబద్ధం. పక్కనున్న కుర్రవాడికి ఇంగ్లీషు రాదు, కానీ నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. ఆ చూపు ఇంకా పోలేదు. మన ఆతిథ్యం గొప్పదే. ఏ బావి నీళ్ళు ఎవరికి దొరికాయో కూడా చెప్పినప్పుడే ఆ గొప్ప మాట నాకు మింగుడు పడుతుంది. మీ ఇంట్లో చేతనైతే ఈ పెళ్ళికే అందరినీ ఒక బంతిలో కూర్చోబెట్టు, వచ్చేవాళ్ళ కోసమని కాదు.

మిగతావి చిన్నవి. మాల్, చింతపల్లి దారిలో కారులో తీసుకురా, మధ్యలో ఎక్కడ ఆగాలో ముందే చూసి పెట్టు. తాగే నీళ్ళ సీసాలు ఒక పెట్టె. రాత్రి పడుకోవడానికి వాళ్ళకు ఒక తలుపు, దానికి లోపలి గొళ్ళెం. మనకు అది ఒంటరితనం, వాళ్ళకు అది ఊపిరి.

కట్నాలు రాసే బల్ల దగ్గరికి వాళ్ళను నువ్వే తీసుకుపో. ఎంతైనా సరే చదివించమను, చివర ఒక రూపాయి ఉండాలని చెప్పు. రాసే ఆయన పేరు అడుగుతాడు, తర్వాత ఊరు అడుగుతాడు. డిండి, పెద్దవూర, అంగడిపేట కింద వాళ్ళ ఊరి పేరు కూడా తెలుగులో రాయించు. రేపు వాళ్ళ ఇంట్లో పెళ్ళి అయితే మీ నాయన కొంచెం కలిపి తిరిగి పెట్టాల్సి ఉంటుంది. ఆ సంగతి ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచు.